లాభానికి నష్టం చూపించిన ప్రోగ్రామ్: మొదటి లాంగ్వేజ్ ఎంపికపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి కారణం ఇందులో నేను చేసిన తప్పులే. పద్నాలుగేళ్లుగా విశాఖపట్నంలో ప్రోగ్రామింగ్ చెప్తున్నాను. మొదట కాలేజీలో చెప్పాను, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంటి మేడ మీద గదిలో చెప్తున్నాను. "మొదట ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి?" అని అడగని విద్యార్థి ఇన్నేళ్లలో నాకు తగల్లేదు. దానికి నా దగ్గర ఎప్పుడూ ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. ఈ కేసులో అది చెల్లలేదు. దాని బదులు తొందరపడి ఇచ్చిన రెండో జవాబుకి కూడా తిప్పలు తప్పలేదు.

ఈ కేసులోని విద్యార్థిని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు చెప్పను. వయసు, డబ్బు అంకెలు, బోట్ల వివరాలు మార్చాను. చేసే పని మాత్రం మార్చలేదు, అది మారిస్తే చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

నేపథ్యం

ఆమె బీకాం చదివింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లున్న ఒక ఓనరు దగ్గర లెక్కలు రాస్తుంది. బోటు వేటకు బయల్దేరేటప్పుడు డీజిల్ ఎంత పోశారు, ఐసు ఎన్ని దిమ్మలు వేశారు, రేషన్‌కి ఎంతయింది అన్నది పుస్తకంలో ఎక్కిస్తుంది. బోటు తిరిగొచ్చి చేప అమ్ముడయ్యాక వచ్చిన డబ్బులోంచి ఆ ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని ఓనరుకీ బోటు మీద పని చేసినవాళ్లకీ వాటాలు వేస్తుంది. కళాసీలు ముందే వాడుకున్న అడ్వాన్సులు వాళ్ల వాటాలోంచి మినహాయిస్తుంది. ఒకే రోజు రెండు మూడు బోట్లు వస్తే రాత్రి 11 గంటలదాకా ఆఫీసులోనే. వంద రూపాయల తేడా వచ్చినా కళాసీలు ఊరుకోరు. వాళ్లు సముద్రం మీద ఎండకీ వానకీ ఓర్చి తెచ్చుకున్న డబ్బు అది, ఊరుకోకపోవడమే న్యాయం.

కంప్యూటర్ పరిచయం పర్వాలేదు. టాలీలో ఎంట్రీలు వేస్తుంది. ఎక్సెల్‌లో సమ్, ఇఫ్ ఫార్ములాలు సొంతంగా రాస్తుంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆఫీసులో విండోస్ 7 ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి, చేతిలో ఒక ఫోను.

ఇక సమయం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలూ బోట్లన్నీ జెట్టీ దగ్గరే ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పుతారు, వలలు బాగుచేసుకుంటారు. వాటాలు వేసే పని ఉండదు. అందుకే మొదటి రోజు ఆమె చెప్పిన మొదటి మాట, "మాస్టారూ, నాకు జూన్ పధ్నాలుగు దాకానే ఖాళీ." ఇంత కచ్చితమైన గడువుతో నా దగ్గరికి ఎవరూ రాలేదు. మామూలుగా "ఎన్నాళ్లు పడుతుంది సార్?" అని నన్నే అడుగుతారు.

వచ్చిన సమస్య

ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద నాలుగు పేర్లు. అన్నయ్య స్నేహితుడు సీ అన్నాడట, అన్ని లాంగ్వేజ్‌లకీ తల్లి అదేనని. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి ఆరు నెలల జావా ఫుల్ స్టాక్ అంది, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చంది. ఎదురింటి కుర్రాడు రుషికొండ కొండ మీద ఐటీ కంపెనీలో చేస్తాడు, అతను జావాస్క్రిప్ట్ అన్నాడు. యూట్యూబ్ పైథాన్ అంది. నలుగురూ ఎవరికి అన్నం పెట్టిన లాంగ్వేజ్‌ని వాళ్లు చెప్పారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కల పుస్తకం తెరిచి చూసినవాళ్లు మాత్రం ఆ నలుగురిలో లేరు.

అప్పటికే ఒకసారి మొదలుపెట్టి మానేసింది కూడా. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సీ కోర్సులో చేరి మూడో వారంలో ఆపేసింది. ఎందుకు ఆపావని అడిగితే, "నాకు రాదండి, అర్థమైపోయింది" అంది. ఈ మాట దగ్గర నేను ఆగాను. రాత్రి పదకొండింటికి ఎనిమిది మంది ఎదురుగా నిలబడి చూస్తుండగా వాటాలు తేల్చే మనిషికి తర్కం రాకపోవడమేమిటి? చివరిసారి ఏ ప్రోగ్రామ్ రాశావో చూపించమన్నాను. నోట్‌బుక్ తెచ్చింది. రెండు అంకెలు కూడే ప్రోగ్రామ్. లాబ్‌లో అందరూ 5, 7 ఇచ్చి 12 వచ్చిందని సంతోషపడుతుంటే, ఈమె తనకు అలవాటైన అంకెలు ఇచ్చింది. 28,400, 9,750. జవాబు మైనస్ 27,386 వచ్చింది.

"లాభం వస్తే నష్టం చూపిస్తోంది, ఇదేటండి అని అడిగాను. లాంగ్ అని పెట్టుకోమ్మా అన్నారు. ఎందుకో చెప్పలేదు. మిగతా అందరికీ కరెక్టుగానే వచ్చింది కదా."

జరిగింది ఇది. ఆ లాబ్‌లో నీలం తెర టర్బో సీ వాడుతున్నారు. 1987లో బోర్లాండ్ కంపెనీ డాస్ కంప్యూటర్ల కోసం తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. అందులో మామూలు పూర్ణాంకానికి 16 బిట్ల చోటే ఉంటుంది, 32,767 దాటి పట్టదు (లాంగ్ అంటే అంతకన్నా పెద్ద చోటు అడగడం). దాటితే పాత స్కూటర్ మీటరు తిరిగి సున్నాకి వచ్చినట్టు చుట్టు తిరిగి మైనస్‌లోకి వెళ్లిపోతుంది. 16 బిట్లలో మొత్తం 65,536 అంకెలే పడతాయి, 38,150లోంచి అది తీస్తే మైనస్ 27,386. మెషీన్ తన పద్ధతి ప్రకారం తప్పేమీ చేయలేదు, కానీ చోటు చాల్లేదని చెప్పనూ లేదు. 5, 7 కూడిన పాతికమందికి ఆ గోడ ఎప్పటికీ కనపడదు. నిజమైన లెక్కతో వచ్చిన ఒక్క మనిషీ నేరుగా వెళ్లి దానికి గుద్దుకుంది, నుదురు తడుముకుంటూ తప్పు తనదే అనుకుంది.

సీని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని తయారుచేసింది యూనిక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవాళ్ల కోసం. తాము ఏం చేస్తున్నారో తెలిసినవాళ్లకి అడ్డు రాకుండా ఉండటం దాని గుణం. ఇవాళ మన కంప్యూటర్లలో మామూలుగా వాడే జీసీసీ లాంటి కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ నడిపే రూపంలోకి మార్చేది) మీద అదే ప్రోగ్రామ్ 38,150 అనే చూపిస్తుంది, పరిమితి 214 కోట్లు దాటి ఉంటుంది కాబట్టి. అయితే వారం తర్వాత, టైప్ చేసిన అంకెను చదివే స్కాన్ఎఫ్‌లో యాంపర్‌శాండ్ (& గుర్తు) మర్చిపోయి మళ్లీ గుద్దుకునేది.

మొదటి నిర్ణయం, అది చెడిన తీరు

పదేళ్ల కిందటైతే నా రెడీమేడ్ జవాబు కూడా సీనే. అది ఇక్కడ చెల్లదని తేలిపోయింది. సరే, దేనికోసం నేర్చుకుంటున్నావని అడిగాను. మొదట "సాఫ్ట్‌వేర్ జాబ్" అంది. అది అన్నయ్య మాట. రెండోసారి అడిగితే, "ఏదో ఒకటి వస్తే మంచిది కదండి" అంది. మూడోసారి, టీ తాగుతూ మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు బయటపడింది. "వాటాల లెక్క ఒక్కటి అదే చేసేస్తే నేను తొమ్మిదింటికల్లా ఇంటికి పోతాను."

అప్పుడు ఎక్సెల్ చాలదా అని నాకూ అనిపించింది. నిజానికి సగం చాలుతుంది. కానీ ఆమె దాన్ని ఎక్సెల్‌లో అప్పటికే ప్రయత్నించింది. బోటు బోటుకీ ఒప్పందం వేరు, కళాసీల సంఖ్య వేరు. షీటు కాపీ చేసిన ప్రతిసారీ ఏదో ఒక గడిలో ఫార్ములా తప్పేది, నాలుగు రోజులదాకా తెలిసేది కాదు. ఆ అనుభవం మీద ఆమెకి ఎక్సెల్ అంటే నమ్మకం పోయింది. మనిషికి నమ్మకం పోయిన చోట పాఠం మొదలుపెట్టడం కష్టం, అందుకని వదిలేశాను. దిమ్మలు పేర్చి పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్ మాట కూడా ఒక క్షణం అనుకున్నాను. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ తెచ్చినది, మా వీధి పిల్లలకి అదే చెప్తాను. కానీ పిల్లి బొమ్మను అటూ ఇటూ నడిపించడానికి ఆమె హార్బర్ నుంచి రెండు ఆటోలు మారి రాదు.

జావాస్క్రిప్ట్ ఎంచాను. నా లెక్క ఇలా సాగింది: ఆమెకి సొంత కంప్యూటర్ లేదు. ఆఫీసు డెస్క్‌టాప్‌లో కొత్తవి ఇన్‌స్టాల్ చేస్తే ఓనరు ఒప్పుకుంటాడో లేదో. బ్రౌజర్ మాత్రం అన్నిటిలోనూ ఉంది, ఫోన్లోనూ ఉంది. ఎఫ్12 నొక్కితే ప్రోగ్రామ్ రాసి నడిపే కన్సోల్ వస్తుంది. ఖర్చు సున్నా. ఈ లెక్కలో ఒక్క మాటా తప్పు కాదు. కాకపోతే అదంతా పెట్టె గురించిన లెక్క. పెట్టె ముందు కూర్చునే మనిషి అందులో లేదు.

తొమ్మిదో రోజున ఇరుక్కున్నాం. ప్రాంప్ట్ పెట్టి రెండు ఖర్చులు అడిగి కూడే ప్రోగ్రామ్ రాసింది. 1200, 350 ఇచ్చింది. 1200350 వచ్చింది. ప్రాంప్ట్‌లో టైప్ చేసింది ఏదైనా జావాస్క్రిప్ట్‌కి అక్షరాల కిందే లెక్క, రెండు అక్షరాల వరుసల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది. అది చెప్పేలోపే ఆమె ప్లస్ తీసేసి మైనస్ పెట్టి చూసింది. 850 వచ్చింది! మైనస్‌కి అతికించడం అనే అర్థం లేదు కాబట్టి జావాస్క్రిప్ట్ తనంతట తానే అక్షరాలను అంకెలుగా మార్చుకుని తీసివేసింది.

"తీసివేత కరెక్టుగా చేసి కూడిక తప్పు చేసేది మా ఓనరొక్కడే అనుకున్నాను మాస్టారూ," అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ నవ్వు తర్వాత జరిగింది బాగోలేదు. నంబర్ అనే ఫంక్షన్‌తో అంకెలుగా మార్చుకోవాలని చెప్పాను. ఒకచోట పెట్టింది, ఇంకోచోట మర్చిపోయింది. ఆరు ఖర్చుల జాబితాలో నాలుగోది మర్చిపోతే చివర్లో ఒక పొడుగాటి అంకె వచ్చింది. తప్పని తెలుస్తోంది, ఎక్కడ తప్పిందో ప్రోగ్రామ్ చెప్పదు. ద్వారకానగర్ లాబ్ సంగతి చెప్పినప్పటి చూపు ఆమె ముఖంలో మళ్లీ కనపడింది నాకు. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన లాంగ్వేజ్ ఇది. వెబ్ పేజీ మధ్యలో ఆగిపోకుండా ఎలాగోలా ముందుకు నడవాలన్నట్టు ఉంటుంది దాని ధోరణి. పేజీకి అది సుగుణమే. లెక్కల పుస్తకానికి కాదు. తేడా వచ్చిన పద్దును గుమాస్తా సర్దేసి ముందుకు పోతే ఏ ఓనరు ఒప్పుకుంటాడు?

పన్నెండో రోజున ఆపేశాం. తప్పు నాది, నీది కాదు అని ఆమెకి విడిగా, స్పష్టంగా చెప్పాను. ఈ ఒక్క వాక్యానికి చాలా విలువ ఉందని తర్వాత తెలిసింది. సీ దగ్గర ఆమెకి ఎవరూ ఆ మాట చెప్పలేదు.

రెండో నిర్ణయం, అందులోనూ తప్పు

పైథాన్‌కి మారాం. ఈసారి కారణం వేరు. తప్పు జరిగితే ఏ లాంగ్వేజ్ త్వరగా ఆగి, ఏ వరుసలో ఆగిందో చెప్తుంది అన్న ఒక్కటే చూశాను. ఇందులో నిజాయితీగా ఒక మాట చెప్పాలి. పైథాన్‌లో కూడా ఇన్‌పుట్ ఇచ్చేది అక్షరాలే. రెండిటినీ నేరుగా కూడితే అక్కడా 1200350 వస్తుంది. కానీ మొత్తం సున్నా అని మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుతూ పోతే, అంకెకి అక్షరాలు కలపమన్న మొదటి చోటే ఆగిపోతుంది. టైప్ ఎర్రర్ అంటుంది, ఫలానా వరుస అంటుంది. మైనస్ పెట్టినా అంతే, ఆగుతుంది. మొహమాటం లేదు.

ఆఫీసు కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయడానికి ఓనరు ఒప్పుకున్నాడు. నేను ఊహించుకున్న అడ్డంకి అసలు లేదు, అడిగి ఉంటే పన్నెండు రోజులు మిగిలేవి. విండోస్ 7 మీద కొత్త పైథాన్ ఎక్కదు, 3.8 చివరిది. అదే వేశాం. దాంతోపాటు వచ్చే ఐడిల్ (ప్రోగ్రామ్ రాసి నడిపే కిటికీ) చాలు, ఇంకేమీ పెట్టలేదు.

ఎర్రర్లు ఇంగ్లిష్‌లో వస్తాయి. తెలుగు మీడియం పిల్లలు ఆ ఎర్ర అక్షరాలు చూడగానే కళ్లు తిప్పేసుకోవడం ఎన్నోసార్లు చూశాను. కింది నుంచి చదవమన్నాను: చివరి వరుసలో తప్పు ఏ రకమో ఉంటుంది, దానికి కాస్త పైన ఏ వరుసలో జరిగిందో ఉంటుంది. మధ్యలో మిగతాది ఇప్పటికి వదిలెయ్. ఒక చిన్న నోట్‌బుక్‌లో ఒక్కో ఎర్రర్‌కీ ఒక పేజీ పెట్టింది. పైన ఎర్రర్ పేరు, కింద తన మాటల్లో అర్థం. నేమ్ ఎర్రర్ పేజీలో "ఈ పేరుతో ఖాతా తెరవలేదు" అని రాసుకుంది. పద్నాలుగేళ్లలో నేనెవరికీ ఇంత బాగా చెప్పలేదు.

ఇంతవరకూ బాగుంది. తర్వాత నేను నా పాత అభ్యాసాల ఫైలు తీశాను. నక్షత్రాల త్రిభుజం, ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచీ వరుస. పది రోజులు అవే. చేసింది, అన్నీ చేసింది. కానీ ప్రతి ప్రోగ్రామ్ తర్వాతా ఒకటే ప్రశ్న, "ఇది కరెక్టేనా మాస్టారూ?" ఒక సాయంత్రం ఊరికే లెక్కపెట్టాను. గంటలో పదకొండుసార్లు అడిగింది. కరెంటు పోయి ఇద్దరం వరండాలోకి వచ్చి కూర్చున్నప్పుడు దాని గురించే ఆలోచించాను. 91 ప్రధాన సంఖ్య అవునో కాదో ఆమెకెందుకు తెలియాలి? తెర మీద వచ్చిన జవాబు తప్పో ఒప్పో చెప్పే తూకపురాయి ఆమె దగ్గర లేదు, నా దగ్గరుంది. నేను పక్కన లేనప్పుడు ఆమె ప్రోగ్రామ్ రాయలేదు. లాంగ్వేజ్ ఎంత స్పష్టంగా ఫిర్యాదు చేసినా, తర్కం తప్పినప్పుడు అది ఏమీ అనదు. అక్కడ ఫిర్యాదు చేయాల్సింది మనిషి.

మర్నాడు పాత లెక్కల పుస్తకం తెమ్మన్నాను. అప్పటికి 61 రోజుల్లో 22 నా ఖాతాలో ఖర్చయిపోయాయి.

పని చేసింది

వాటాలు పంచేసి, అందరూ ఒప్పుకున్న పాత ట్రిప్పు ఒకటి తీశాం. ఇకపై ఏ ప్రోగ్రామ్ రాసినా ముందు ఆ ట్రిప్పు అంకెలు ఇవ్వాలి, పుస్తకంలో ఉన్నదే రావాలి. నన్ను అడగకూడదు, పుస్తకాన్ని అడగాలి.

నేను మార్చిన అంకెల్లో ఆ ట్రిప్పు ఇలా ఉంది. చేప అమ్మగా 3,84,600. డీజిల్ 1,62,000, ఐసు 24,500, రేషన్ 18,300, చిల్లర ఖర్చులు 9,400. ఖర్చు మొత్తం 2,14,200. మిగిలింది 1,70,400. ఆ బోటుకి కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం నూటికి 40 పనివాళ్లది, అంటే 68,160. బోటు మీద ఏడుగురు.

ముందు కాగితం మీద తెలుగులో మెట్లు రాసింది, ఆ తర్వాతే కీబోర్డు. అరగంటలో ప్రోగ్రామ్ నడిచింది. చివర్లో ఒక్కొక్కరికీ 9,737 రూపాయల 14 పైసలు అని వచ్చింది. నేను బాగుంది అనబోయాను. భాగహారం సరిపోయింది, ఎర్రర్ లేదు, ఏడుగురికి పంచింది. ఇంకేం కావాలి?

"తప్పండి," అంది ఆమె, తెర వైపే చూస్తూ. "డ్రైవరుకి రెండు వాటాలు కదా. ఎనిమిదితో భాగించాలి. ఎనిమిదివేల ఐదొందల ఇరవై రావాలి."

డ్రైవరుకి రెండు వాటాలని నాకు తెలీదు. ఆ ప్రోగ్రామ్‌లో తప్పు నేను ఎప్పటికీ పట్టుకోలేకపోయేవాణ్ని. ఆ రోజు నుంచి "కరెక్టేనా మాస్టారూ" అన్న ప్రశ్న దాదాపు వినపడలేదు. ఈ కేసులో మలుపు లాంగ్వేజ్ మార్చిన రోజున రాలేదు, ఈ రోజున వచ్చింది.

తర్వాతి అయిదు వారాలూ పాఠ్యక్రమం ఆ పుస్తకమే నిర్ణయించింది. ఏ అంశం ఎప్పుడు చెప్పాలో నేను ఎంచలేదు, లెక్కలో ఎక్కడ అవసరం పడితే అక్కడ చెప్పాను. పైథాన్‌లో వరుసను లోపలికి జరిపి రాయడం చాలామందిని ఏడిపిస్తుంది. ఆమె కూడా మొత్తం అచ్చువేసే వరుసను లూప్ (మళ్లీ మళ్లీ నడిచే భాగం) లోపల పెట్టేసింది, ప్రతి ఖర్చుకీ ఒక మొత్తం పడింది. నేను వివరించబోతుంటే, "ఇది పెద్ద పద్దు కింద లోపలికి జరిపి చిల్లర పద్దులు రాసినట్టే కదండి, మొత్తం బయట గీత కింద వెయ్యాలి," అంది. అంతే, ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

భాగహారం దగ్గర ఇంకా బాగా నడిచింది. వాటా 68,165 అయితే ఎనిమిదికి సమంగా తెగదు. రెండు స్లాష్‌లు పెడితే 8,520 వస్తుంది, పర్సెంట్ గుర్తు పెడితే మిగిలిన 5 వస్తుంది. శేషం అనే ఈ గుర్తుని కాలేజీలో సరి సంఖ్య, బేసి సంఖ్య ప్రోగ్రామ్‌తో చెప్పేవాణ్ని, పిల్లలు ఎందుకో తెలీకుండానే బట్టీపట్టేవారు. ఇక్కడ ఆ అయిదు రూపాయలు ఎక్కడికి పోతాయి అన్నది నిజమైన ప్రశ్న. ఆ ఆఫీసులో అలాంటి చిల్లర టీ ఖాతాకి పోతుందట. ప్రోగ్రామ్‌లో టీ ఖాతా తెరిచాం.

ఒకసారి గట్టిగా భయపడింది. 1.1 కిలో, 2.2 కిలోలు కూడితే పైథాన్ 3.3000000000000003 అంది. "చూశారా, ఇదీ దొంగలెక్కే" అంది. కంప్యూటర్ దశాంశాలను సున్నా, ఒకటి అనే రెండే అంకెల పద్ధతిలో దాచుకుంటుందని, మనకి మూడో వంతును 0.333 అని ఎక్కడో ఒకచోట ఆపక తప్పనట్టే దానికి 1.1 కచ్చితంగా రాయడం కుదరదని చెప్పాను. సగం అర్థమైంది. పరిష్కారం మాత్రం వెంటనే ఆమే చెప్పింది: గ్రాముల్లో రాసుకుంటే సరి. డబ్బు పైసల్లో, బరువు గ్రాముల్లో, అన్నీ పూర్ణాంకాలు. పైథాన్ పూర్ణాంకాలకి టర్బో సీ లాంటి గోడ లేదు, ఎంత పెద్దదైనా పడుతుంది. ఆ సందర్భంలోనే 28,400, 9,750 మళ్లీ ఇచ్చి చూడమన్నాను. 38,150 వచ్చింది. అప్పుడు ఆ పాత మైనస్ ఎందుకొచ్చిందో బొమ్మ గీసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే అప్పుడు నేను కరెక్టే రాశానన్నమాట," అంది.

పేర్ల సంగతి ఒకటి సరదాగా నడిచింది. పైథాన్ 3లో ఖాతాల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టొచ్చు. డీజిల్ అని తెలుగులో రాసి, ఈజ్ ఈక్వల్ టు 162000 అంటే నడుస్తుంది. ఆమె ఫోన్లో ఫొటో తీసి అందరికీ పంపింది. కానీ మార్కెట్‌ఖర్చు లాంటి మాటలు టైప్ చేస్తే, పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా మనం కొట్టే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది కదా, దాన్ని పైథాన్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. కంటికి కనపడని తప్పు వెతకడం కొత్తవాళ్లకి నరకం. పైగా మాటిమాటికీ కీబోర్డు మార్చాలి. చివరికి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు రాయడానికి స్థిరపడింది: ఐసు, వాటా, బాకీ. నేను అడ్డుచెప్పలేదు. ఇంగ్లిష్ పేర్లే పెట్టాలని కాలేజీలో పట్టుబట్టేవాణ్ని, ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు చెప్పలేను.

అడ్వాన్సుల కోసం డిక్షనరీ వచ్చింది, పేరుకి ఎదురుగా బాకీ. ఎక్సెల్ షీటును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి ప్రోగ్రామ్‌తో చదివించడం మే చివర్లో వచ్చింది. ఎక్సెల్ ఇఫ్ ఫార్ములాలు రాసిన చెయ్యి కాబట్టి షరతులు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆమెకి తెలిసిన ఎక్సెల్‌ని వదిలేయడం నేను మొదట్లో చేసిన ఇంకో తప్పు. ఎక్సెల్‌లో ఆపేయకపోవడం సరే, అక్కణ్నుంచి మొదలుపెట్టి ఉండాల్సింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

పైథానే అందరికీ మొదటి లాంగ్వేజ్ అని ఈ కేసు చెప్తోందని ఎవరైనా అనుకుంటే నేను సరిగ్గా రాయలేదన్నమాట. అదే వేసవిలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడొకడు వచ్చాడు. సెమిస్టర్‌లో సీ సబ్జెక్టు, చిన్న మోటార్లు తిప్పే బోర్డులంటే పిచ్చి. అతనికి సీనే చెప్పాను, అయితే టర్బో సీ మీద కాదు, జీసీసీ మీద, హెచ్చరికలన్నీ ఆన్ చేసి. మోటారు తిరగాల్సిన వైపు తిరగకపోతే అతని కళ్లకే తెలుస్తుంది. ఇంకో అమ్మాయి తన చీరల వ్యాపారానికి వెబ్ పేజీ చేసుకోవాలంది. ఆమెకి జావాస్క్రిప్ట్, ఏ సందేహమూ లేకుండా. బొమ్మ పక్కకి జరిగితే, బటన్ నొక్కితే పలక్కపోతే ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లని మొదట లాంగ్వేజ్ గురించి అడగను. "ఏ పనిలో తప్పు జరిగితే నువ్వు చూడగానే పట్టేస్తావు?" అని అడుగుతాను. వంట అన్నవాళ్లున్నారు, క్రికెట్ స్కోరు అన్నవాళ్లున్నారు, ఒకాయన పెళ్లి ముహూర్తాలు అన్నాడు. జవాబు దొరికాక లాంగ్వేజ్ ఎంచడానికి పావుగంట చాలు. దొరక్కపోతే ఏ లాంగ్వేజ్‌తోనూ మొదలుపెట్టను. ఫిబొనాచీ ఫైలు ఇంకా ఉంది, గణితం మీద ఇష్టంతో వచ్చినవాళ్లకి తీస్తాను.

ఉద్యోగం సంగతి కూడా ఆమెకి దాచకుండా చెప్పాను. రెండు నెలల పైథాన్‌తో రుషికొండలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అన్నయ్యకి ఆ మాట నచ్చలేదు. ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత

జూన్ 14 రాత్రి బోట్లు బయల్దేరాయి. నెలాఖరులో మొదటి బోటు వచ్చింది. ప్రోగ్రామ్ నడిపింది, పుస్తకంలోనూ చేత్తో లెక్కేసింది, రెండూ కలిశాయి. ఓనరు పుస్తకం మానొద్దన్నాడు, నేనూ అదే అన్నాను.

జులైలో ఆ ఓనరు ఇంకో బోటు కొన్నాడు. దాని ఒప్పందం వేరు. డీజిల్ ఒక్కటే ముందు తీసి వాటాలు వేస్తారు, ఐసు, రేషన్ ఖర్చులు పనివాళ్ల వాటాలోంచి పోతాయి. ప్రోగ్రామ్‌లో అది లేదు. ఒక రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో తెర ఫొటో వచ్చింది. నిండా ఎర్ర అక్షరాలు, చివరి వరుసలో నేమ్ ఎర్రర్. నేను కళ్లజోడు వెతుక్కుని చదువుతుండగానే దాని కింద ఇంకో ఫొటో, వాటాలన్నీ వరుసగా. ఆ కింద ఒక మెసేజ్.

"కొత్త ఖాతా తెరవడం మర్చిపోయానండి. తెరిచేశాను. మీరు ఫోన్ చెయ్యక్కర్లేదు, నేను ఆటోలో ఉన్నాను."